గొలుసు రంపమునకు ఏ పెట్రోలు? ఆక్టేను సంఖ్యపై ఒక విమర్శ

శాస్త్రజ్ఞులు ఒక గుణమును కొలుచుటకు నిర్మించిన సంఖ్య బజారులో అడుగుపెట్టిన పిదప దాని అర్థము తరచుగా మారిపోవుచుండును. ఆక్టేను సంఖ్య అట్టిది. ఇంజనులో పుట్టు నాకింగును పెట్రోలు ఎంతవరకు ఆపగలదో చెప్పుటకు ఆ సంఖ్య పుట్టినది. నేడు పెట్రోలు బంకులలో అది 'పవరు'నకు మారుపేరు. ఎక్కువ సంఖ్య గల పెట్రోలుకు ఎక్కువ ధర. ఎక్కువ ధర గలదానిలో ఎక్కువ సత్తువ ఉండునని జనుల నమ్మకము. బజారు సంగతి అటుంచుదము. "ఆక్టేను సంఖ్య ఎక్కువైన కొలది ఇంధనము శ్రేష్ఠము" అను వాక్యము విద్యార్థుల సమాధాన పత్రములలోను కనబడుచుండును. దానికి పూర్తి మార్కులును పడుచుండును. ఈ వాక్యము ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలసి యున్నది.

ఈ పరీక్షకు కారు కంటె, మోటారు సైకిలు కంటె, చెట్లు కోయు గొలుసు రంపము మేలైన ఉదాహరణ. నేటి కార్లలో పెక్కింటికి నాకింగును పసికట్టి నిప్పురవ్వ పడు వేళను సవరించు ఎలక్ట్రానిక్ సాధనములు కలవు. అందుచేత పెట్రోలు మార్చినప్పుడు కనబడిన తేడా పెట్రోలుదో, ఆ సాధనముదో తేల్చుట కష్టము. రంపములో అంత మరుగు లేదు. పైగా అమెరికా, కెనడా దేశముల అడవులలో పని చేయువారి మధ్య ఈ విషయమై చిరకాలముగ వాదము నడచుచున్నది. అక్కడి బంకులలో 87 సంఖ్య గల సాధారణ పెట్రోలు చాలునని ఒక పక్షము. 91 గాని 93 గాని గల 'ప్రీమియము' పోసిననే రంపము బాగుగ కోయునని మరియొక పక్షము. ఇరువురును చూపు సాక్ష్యము తమ అనుభవమే.

ముందుగా యంత్రమును చూతము. గొలుసు రంపములకు మూలపురుషులు జర్మనీ దేశస్థులు. 1926లో ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడచు రంపమును, 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడచు రంపమును తయారుచేసిరి. ఆనాటి యంత్రములను మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. ఇప్పుడు 50 ఘన సెంటీమీటర్ల సిలిండరు గల రంపము 5 కిలోల బరువుతో సుమారు 4 అశ్వశక్తులనిచ్చును. మన జామాయిలు, సుబాబుల్ తోటలలో కోతకును, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకిన పిదప వీథులకు అడ్డముగ కూలిన వృక్షములను తొలగించుటకును వాడినవి ఈ జాతి రంపములే. మన పనివారు దీనిని 'మిషన్ రంపము' అందురు. ఇందులో ఉండునది టూ-స్ట్రోకు ఇంజను. దానిని చల్లబరచునది గాలి మాత్రమే. నూనె తొట్టి వేరుగ లేదు. 50 పాళ్లు పెట్రోలుకు 1 పాలు నూనె కలిపి పోయుదురు. పని వేళ ఇది నిమిషమునకు 9 వేలు మొదలుకొని 13 వేల వరకు భ్రమణములు చేయును. ఈ వేగమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో మనకు ముందు పనియున్నది.

ఇక నాకింగు. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను నొక్కగా అది వేడెక్కును. తగిన వేళకు నిప్పురవ్వ పడి జ్వాల పుట్టి, గడ్డివామికి ఒక మూల అంటుకొన్న నిప్పువలె ఆవలి అంచు వైపు వ్యాపించును. కాలిన భాగము వ్యాకోచించి ఇంకను కాలని భాగమును మరింత నొక్కి మరింత వేడెక్కించును. జ్వాల వచ్చి చేరువరకు ఆ కడపటి భాగము ఓర్చుకొన్నచో దహనము సాఫీగా ముగియును. ఓర్చుకొనలేక అది తనంత తాను ఒక్కసారిగ భగ్గుమన్నచో పీడన తరంగములు లోహపు గోడలను సుత్తితో కొట్టినట్లు కొట్టును. మెకానిక్కులు నాకింగు అనునది ఇదియే. ఇది సాగినచో పిస్టను తలపై గుంటలు పడును. రింగులు కూర్చుండు గాడుల అంచులు విరుగును. ఆక్టేను సంఖ్య చెప్పునది ఈ కడపటి భాగము యొక్క ఓర్పును. బలమును గూర్చి అది ఒక్క మాటయు చెప్పదు.

కొలబద్ద కథ రసాయనశాస్త్ర ఉపాధ్యాయులకు రుచించును. 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ టెట్రా ఇథైల్ సీసము నాకింగును అణచునని కనుగొనెను. ఏ పెట్రోలు ఎంత ఓర్చునో చెప్పుటకు అందరును అంగీకరించు కొలత అప్పటికి లేదు. ఆ దశకములోనే గ్రాహం ఎడ్గర్ అను రసాయనజ్ఞుడు రెండు శుద్ధ ద్రవములను ఎన్నుకొనెను. ఏడు కర్బన పరమాణువులు ఒకే వరుసలో నిలిచిన హెప్టేనుకు సున్న. అయిదు కర్బనముల వరుసపై మూడు మిథైలు కొమ్మలు గల ఐసో ఆక్టేనుకు నూరు. ఒక పెట్రోలు 87 పాళ్లు ఐసో ఆక్టేను, 13 పాళ్లు హెప్టేను కలిపిన మిశ్రమముతో సమానముగ నాకింగు చేసినచో దాని సంఖ్య 87. అంతియేగాని ఆ పెట్రోలులో 87 శాతము ఆక్టేను ఉన్నదని అర్థము కాదు. ఈ పొరపాటు పదవ తరగతిలోనే దిద్దదగినది. ఆ రోజులలో శుద్ధమైన హెప్టేను కాలిఫోర్నియా కొండలలో పెరుగు జెఫ్రీ పైను అను చెట్టు జిగురు నుండి లభించుచుండెను. చెట్టు కోయు యంత్రమును గూర్చిన ఈ వాదములో కొలబద్దయొక్క సున్నను ఇచ్చినదియు ఒక చెట్టే యన్నమాట.

హెప్టేను ఏల ఓర్చుకొనలేదు? దాని వరుసలో రెండేసి ఉదజని పరమాణువులు గల కర్బనములు పక్కపక్కన అయిదు కలవు. వేడికి ఆమ్లజని అణువు అట్టి వరుసను సులభముగ పట్టి, పెరాక్సైడు జాతి సంయోగములను పుట్టించి, దహనమును గొలుసుకట్టుగా ముందే ఆరంభించును. ఐసో ఆక్టేనులో అట్టి కర్బనము ఒక్కటియే. కొమ్మలు అడ్డుపడుటచే ఆ చర్య మందగించును. భేదమంతయు అణువు ఆకారములో నున్నది. ఇప్పుడు ఆ రెండింటిలో నిలువయున్న ఉష్ణమును పోల్చుడు. ఒక కిలోగ్రాము హెప్టేను కాలినచో సుమారు 44.6 మెగాజౌలులు, ఐసో ఆక్టేను కాలినచో సుమారు 44.3 మెగాజౌలులు. సున్న మార్కులు తెచ్చుకొన్న ద్రవములోనే వెంట్రుకవాసి ఎక్కువ ఉష్ణమున్నది! ఐసో ఆక్టేను సాంద్రత కొంచెమెక్కువ గనుక లీటరుకు లెక్కించినచో రెండును ఇంచుమించు సమానమగును. సంఖ్యలో నూరు అంకెల దూరము. శక్తిలో నూటికి ఒకటియైన లేదు. 'పవరు' వాదమునకు ఇంతకంటె సూటియైన సమాధానము లేదు. ఎక్కువ ఆక్టేను పెట్రోలు చాల నెమ్మదిగా కాలునని మరికొందరందురు. జ్వాల వేగము వేరు, తనంత తాను అంటుకొనుట వేరు. ఈ రెండు ద్రవముల జ్వాల వేగములలో భేదము స్వల్పమే.

అయినచో ఎక్కువ ఆక్టేనుకు ఇంత ప్రతిష్ఠ ఎక్కడిది? విమానముల నుండి వచ్చినది. 1940లో బ్రిటిషు యుద్ధవిమానములలోని మెర్లిన్ ఇంజను 87 ఆక్టేను పెట్రోలు విడిచి 100 ఆక్టేను పెట్రోలుకు మారగా, దాని శక్తి సుమారు 1000 అశ్వశక్తుల నుండి 1300 దాటినది. ఈ కథ నిజమే. కాని పెరిగిన శక్తి పెట్రోలు డబ్బాలో లేదు. ఆ ఇంజనులో గాలిని బలవంతముగ సిలిండరులోనికి నెట్టు సూపర్ చార్జరు కలదు. 87 పెట్రోలుతో ఒక మితిని మించి నెట్టినచో నాకింగు వచ్చును. 100 పెట్రోలు ఆ మితిని పైకి జరిపినది. పైలట్ ఎక్కువ గాలిని నెట్టగలిగెను, ఎక్కువ గాలిలో ఎక్కువ పెట్రోలు కాలినది. అనగా ఎక్కువ ఆక్టేను ఒక అనుమతిపత్రము. ఆ అనుమతిని వాడుకొనుటకు యంత్రములో ఒక మీట ఉండవలెను: గాలి పీడనము పెంచుట, సంపీడన నిష్పత్తి పెంచుట, లేక నిప్పురవ్వను ముందుకు జరుపుట. సామాన్య గొలుసు రంపములో ఈ మూడింటిలో వాడువాని చేతికి అందునది ఏదియు లేదు. సంపీడన నిష్పత్తిని కర్మాగారములో లోహముననే పోసిరి. నిప్పురవ్వ వేళను ఫ్లైవీలులోని అయస్కాంతమును, దానికి తగిలించిన చిన్న విద్యుత్ చుట్టయు నిర్ణయించును.

భౌతికశాస్త్రము చెప్పువారు ఇక్కడ ఆటో చక్రపు సూత్రమును నల్లబల్లపై వ్రాయవచ్చును. సంపీడన నిష్పత్తి 'ని' అయినచో ఆదర్శ సామర్థ్యము 1 − (1/ని)^0.4. నిష్పత్తి 8 అయినచో 56 శాతము, 10 అయినచో 60 శాతము వచ్చును. నిజమైన రంపము ఇందులో సగము కూడ ఈయదు, అది వేరు సంగతి. ఈ సూత్రములో ఆక్టేను సంఖ్యకు చోటు ఎక్కడను లేదని విద్యార్థుల చేతనే చెప్పించవలెను. నిష్పత్తిని పెంచినప్పుడు మాత్రము అది తెరవెనుక నుండి వచ్చి, పెంచవచ్చునో కూడదో చెప్పును.

ఇంతవరకు 87 పక్షమువారు సంతోషింతురు. కాని వారి వాదమును కూడ పరీక్షింపవలెను.

ఆక్టేను సంఖ్యను కొలుచు ప్రామాణిక యంత్రము 1920వ దశకము చివర అమెరికాలో రూపొందిన ఒంటి సిలిండరు ఇంజను. సంపీడన నిష్పత్తిని నడచుచుండగనే మార్చుటకు వీలగుట దాని ప్రత్యేకత. 'పరిశోధన పద్ధతి'లో దానిని నిమిషమునకు 600 భ్రమణములతో నడుపుదురు. 'మోటారు పద్ధతి'లో 900 భ్రమణములతో, మిశ్రమమును 149 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడిచేసి నడుపుదురు. రెండవది కఠిన పరీక్ష గనుక సంఖ్య తక్కువ వచ్చును. ఒకే పెట్రోలు మొదటి పద్ధతిలో 91, రెండవ పద్ధతిలో 81 పొందవచ్చును. మన దేశపు బంకులలోను, ఐరోపాలోను చెప్పునది మొదటి సంఖ్య. అమెరికా, కెనడాలలో బంకుపై వ్రాయునది రెండింటి సగటు. ఆ దేశపు 87 ఇంచుమించు మన 91 లేక 92 అగును. వారి 89 మన 93, 94ల దగ్గర నిలుచును. ఏ పద్ధతి సంఖ్యయో చెప్పక "89 పోయవలెను" అనుట, సేరో కిలోయో చెప్పక "రెండు తూచుము" అనుట వంటిది.

ఈ పరీక్షాయంత్రము 600 భ్రమణములతో తిరుగును; రంపము 12,000 భ్రమణములతో తిరుగును. ఇరువది రెట్ల తేడా. జ్వాల సిలిండరును దాటుటకు క్రాంకు 50 డిగ్రీలు తిరుగు కాలము పట్టుననుకొందము. 600 భ్రమణములలో అది సుమారు 14 మిల్లీసెకనులు, 12,000లో 0.7 మిల్లీసెకను. తనంత తాను అంటుకొనుటకు ముందు జరుగవలసిన రసాయన చర్యలకు కొంత వ్యవధి కావలెను. రంపము ఆ వ్యవధిని ఈయదు. మరియు దాని సిలిండరు వ్యాసము 44, 45 మిల్లీమీటర్లే. జ్వాల నడువవలసిన దారి చాల చిన్నది. ఈ రెండును రంపమునకు అనుకూల అంశములు. గాలితో మాత్రమే చల్లబడు సిలిండరు గోడ చాల వేడిగనుండుట, వేసవిలో నెలపై పడిన మొద్దును గంటల తరబడి కోయుట, గాలి వడపోతపై రంపపు పొట్టు పేరుకొనుట, చల్లబరచు రెక్కల మధ్య జిగురు అంటుకొనుట ప్రతికూలములు. ఇవన్నియు సిలిండరు ఉష్ణోగ్రతను పెంచి నాకింగును దగ్గరకు తెచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన ప్రతికూలము మరియొకటి కలదు. కారులో నాకింగు గలగల శబ్దముగ వినబడును. రంపములో వినబడదు. సిలిండరు చిన్నదైన కొలది ఆ మ్రోత స్థాయి హెచ్చును. రంపము అరపు 110 డెసిబెల్లుల దరిదాపులలో నుండును. పనివాడు చెవులకు రక్షణ తొడిగి యుండును. హెచ్చరిక లేకయే నష్టము జరుగును. అందుచేత తయారీదారులు కనీస సంఖ్యను విధించుట చాదస్తము కాదు. 87 చాలునను పక్షమువారు "మాకెన్నడును నాకింగు రాలేదు" అనునప్పుడు, వినబడని దానిని రానిదానిగ లెక్కించుచున్నారేమో ఆలోచింపవలెను.

తయారీదారుల సూచనలలోను ఒక లోపము కనబడును. స్వీడను దేశపు హుస్‌క్వార్నా సంస్థ తన పుస్తకములలో కనీసము 87 (పరిశోధన పద్ధతిలో 90) అని రెండు కొలతలును ఇచ్చి, కొమ్మలు నరుకునప్పటివలె ఎడతెగక హెచ్చు వేగముతో నడుపు పనులకు అంతకంటె ఎక్కువ వాడుమని చెప్పినది. ఇది మెచ్చదగిన పద్ధతి. కారణము కొంతయైన కనబడుచున్నది. జర్మనీకి చెందిన స్టీల్ సంస్థ అమెరికా ప్రతులలో సగటు పద్ధతిలో 89ని, ఐరోపా ప్రతులలో పరిశోధన పద్ధతిలో 90ని కనీసముగ చెప్పినది. ఈ రెండును ఒకే కొలత కావు. అమెరికాలో కోరినది మూడు నాలుగు అంకెలు ఎక్కువ. ఒకే జాతి ఇంజను సముద్రము దాటగనే ఓర్పు కోల్పోవునా? రెండు దేశముల పెట్రోలు నిలువలోను, కలుపులోను గల తేడాలను దృష్టిలో నుంచుకొని అట్లు వ్రాసియుండవచ్చును. అట్లయిన ఆ మాట ఒక్క వాక్యములో చెప్పవచ్చును గదా! కారణము చెప్పని సంఖ్య మంత్రమువలె చెల్లును, దానిని విన్నవాడు తన కారణమును తానే కల్పించుకొనును. '89 వలన బలము వచ్చును' అను కల్పన ఈ మౌనము నుండియే బలపడినదని నా అభిప్రాయము.

ఇక ప్రీమియము పక్షమువారి సాక్ష్యము. "సాధారణ పెట్రోలుతో ఒక మొద్దు కోసితిని, ప్రీమియముతో మరొకటి కోసితిని, రెండవది త్వరగా తెగినది" అందురు. ఇందులో మారినవి ఎన్ని? రెండవ మొద్దు కఱ్ఱ వేరు, దాని ముడులు వేరు, తేమ వేరు. మొదటి కోతలో ఇంజను చల్లగ నున్నది, రెండవ కోతలో వేడెక్కినది. గొలుసు పదును అన్నిటికంటె పెద్ద అంశము. 1940వ దశకమున జోసెఫ్ బ్యూఫోర్డ్ కాక్స్ అను అమెరికను అడవిపనివాడు మొద్దును తొలుచు పురుగు దవడలను చూచి, కుడియెడమలకు చెక్కుచుపోవు గొలుసు పన్నును రూపొందించెను. 1947లో అది అమ్మకమునకు వచ్చినది. నేటి రంపముల వేగములో ఆ పన్నుకు గల పాలు పెద్దది. మట్టి తగిలిన గొలుసు క్షణములో మొద్దుబారును. ఆకురాయితో చేసిన కొలది నిమిషముల పని, ఏ ఖరీదైన పెట్రోలును ఈయలేని వేగమునిచ్చును.

న్యాయమైన పోలిక కావలెనన్నచో ఇట్లు చేయవలెను. ఒకే మానునుండి సమముగ చెక్కిన దిమ్మను తీసికొని, ప్రతి కోతకు ముందు గొలుసును ఒకే విధముగ ఆకురాయి పట్టి, ఇంజను వేడెక్కిన తరువాతనే ఆరంభింపవలెను. తొట్టిలో ఏ పెట్రోలున్నదో కోయువానికి తెలియరాదు. మొదట సాధారణము, తరువాత ప్రీమియము, మరల ప్రీమియము, మరల సాధారణము అను వరుసలో కోసినచో క్రమముగ జరుగు మార్పులు ఒకదానినొకటి కొట్టివేయును. ఒకే పెట్రోలుతో చేసిన కోతల మధ్య మూడు సెకనుల హెచ్చుతగ్గులున్నప్పుడు, రెండు పెట్రోలుల మధ్య ఒక సెకను తేడాకు అర్థము లేదు. ఈ ప్రయోగమును పాఠశాలలో చేయుమని నేననుట లేదు. రంపము పిల్లల దరికి రాదగిన వస్తువు కాదు. దాని ప్రణాళికను మాత్రము కాగితముపై వ్రాయించుట మంచి అభ్యాసము.

ఈ పరీక్షలలో అన్నిటికంటె మోసగించునది వట్టిగా తిరుగు వేగము. పెట్రోలు మార్చగనే "మ్రోత హెచ్చినది, పవరు వచ్చినది" అందురు. రంపపు కార్బ్యురేటరు రంధ్రములు ఒక పెట్రోలుకు సరిచేసి యుండును. పెట్రోలు కూర్పు మారినచో అదే రంధ్రమునుండి వచ్చు మిశ్రమము పలుచబడవచ్చును. పలుచని మిశ్రమముతో రంపము వట్టిగా మరింత వేగముగ తిరుగును, మరింత పదునుగ అరచును. అదే వేళ సిలిండరు మరింత కాగి, నూనెయు తక్కువగ అందును. అది బలము కాదు, జ్వరము. అట్లే సాగినచో పిస్టను సిలిండరుకు కరచుకొని యంత్రము బిగిసిపోవును.

మన దేశములో నేడు ఈ అంశము ఆక్టేను కంటె పెద్దది. పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు లక్ష్యమును 2025లో చేరుకొన్నట్లు ప్రభుత్వము ప్రకటించినది. ఇథనాలు ఆక్టేను సంఖ్య 108 ప్రాంతమున నుండును. కలిపినచో పెట్రోలు సంఖ్య పెరుగును. సంఖ్యను మాత్రమే చూచువారు ఇది రంపమునకు పండుగ యనుకొందురు. లెక్క చూడుడు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలుటకు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు 9 కిలోలు చాలును, ఏలయన దాని అణువులోనే ఆమ్లజని కలదు. 20 శాతము మిశ్రమమునకు సుమారు 13.5 కిలోలు వచ్చును. శుద్ధ పెట్రోలుకు సరిచేసిన రంపములో దీనిని పోసినచో మిశ్రమము నూటికి ఎనిమిది పాళ్లు పలుచబడినట్లే. కొన్ని క్రొత్త రంపములలో కార్బ్యురేటరును విద్యుత్ సాధనము దిద్దుకొనును. పాతవానిలో మరతో చేతిచే దిద్దవలెను. అందుచేతనే పెక్కు రంపముల పుస్తకములు ఇథనాలు 10 శాతము మించరాదనుచున్నవి. అదియుగాక ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నెలల తరబడి డబ్బాలో నిలువయున్నచో నీరును ఇథనాలును కలిసి అడుగునకు దిగును. సంఖ్యను పెంచిన ఇథనాలు అట్లు విడిపోగా, పైన మిగిలిన పెట్రోలు ఓర్పును కోల్పోవును. రంపమును ఏ వైపునకు వంచినను పనిచేయునట్లు చేయునది కార్బ్యురేటరులోని పలుచని రబ్బరు పొర. పాత పొరలు ఇథనాలు తగిలి ఉబ్బును లేక గట్టిపడును. ఇన్ని కీడులలో ఒక్కటియైన ఆక్టేను సంఖ్యలో కనబడదు. సరికదా, ఇక్కడ సంఖ్య పెరుగుటయు కీడు పెరుగుటయు ఒకే కారణమున జరుగుచున్నవి.

అమెరికాలో కొందరు ప్రీమియము పోసి నిజముగనే లాభము పొందుటకు కారణమును ఇక్కడనే వెదకవలెను. అక్కడ కొన్ని చోట్ల ఇథనాలు కలపని పెట్రోలు ప్రీమియము శ్రేణిలోనే దొరకును. లాభము ఇథనాలు లేకుండుట వలన వచ్చినది. పేరు ఆక్టేనుకు దక్కినది.

సంఖ్య దాచిపెట్టు మరియొక విషయము పనివాని ఊపిరికి సంబంధించినది. సీసమును తొలగించిన పిదప (మన దేశమున 2000లో, ప్రపంచమున కడపట అల్జీరియాలో 2021లో) ఆక్టేనును నిలుపుటకు శుద్ధికర్మాగారములు వేర్వేరు దారులు పట్టినవి. బెంజీను కుటుంబమునకు చెందిన సుగంధ ఉదకర్బనములు ఒక దారి. ఇథనాలు ఒక దారి. ఐసో ఆక్టేను వంటి కొమ్మల అణువులను కూర్చిన ఆల్కిలేటు ఒక దారి. మూడు పెట్రోలులకును సంఖ్య 95 కావచ్చును. కాని పాత రకపు టూ-స్ట్రోకు ఇంజనులో లోనికి వచ్చిన మిశ్రమములో నాలుగవ వంతు వరకు కాలకయే పొగతోపాటు వెలుపలికి పోవును. రంపము పొగ గొట్టము పనివాని ముఖమునకు ఒక బారెడు దూరములో నుండును. బెంజీను రక్తపు క్యాన్సరుకు కారణమగునని నిర్ధారితమైన పదార్థము. 1980వ దశకము చివరినుండి స్వీడను అడవులలో ఆల్కిలేటు పెట్రోలు వాడుకలోనికి వచ్చుటకు కారణము బలము కాదు. దానిలో బెంజీను దాదాపు లేకుండుటయే. అది నెలల తరబడి చెడక నిలువయుండును కూడ. ధర మాత్రము చాల హెచ్చు. రోజుకూలికి చెట్లు కోయువాడు దానిని కొనగలడా యనునది వేరు ప్రశ్న. కాని ఎక్కువ సొమ్ము పెట్టదలచినచో పెట్టవలసిన చోటు అది.

కనుక రంపము గలవానికి చెప్పవలసినది ఇంతే. పుస్తకములో చెప్పిన కనీస సంఖ్య ఏ పద్ధతిదో చూచి దానికి తగ్గకుండ పోయవలెను. మన బంకులలోని సాధారణ పెట్రోలు చాల రంపములకు ఆ కనీసమును దాటియే యున్నది. ఆపైన ప్రతి అంకెకు పెట్టు రూపాయి వృథా. పెట్రోలు క్రొత్తదా, ఇథనాలు ఎంత, నూనె కొలత సరియా, కార్బ్యురేటరును ఆ పెట్రోలుకు దిద్దినారా, గొలుసు పదునుగనున్నదా అనునవి అడుగవలసిన ప్రశ్నలు.

పాఠ్యాంశమును బోధించువారు "శ్రేష్ఠము" అను మాటను తీసివేసి, "ఆక్టేను సంఖ్య ఎక్కువైన కొలది ఇంధనము నాకింగును ఎక్కువగ నిరోధించును" అని వ్రాయించిన చాలును. దానివెంట ఈ లెక్కను ఇచ్చి చూడుడు. లీటరు శుద్ధ పెట్రోలులో 32 మెగాజౌలులు, లీటరు ఇథనాలులో 21 మెగాజౌలులు ఉన్నవనుకొని, 20 శాతము ఇథనాలు గల లీటరులో ఎంత ఉష్ణమున్నదో కనుగొనుము. పెట్రోలు ఆక్టేను సంఖ్య 91 నుండి 95కు పెరిగినప్పుడు లీటరులోని ఉష్ణము పెరిగినదా, తగ్గినదా? జవాబు 29.8 వచ్చును.